సైకిల్ సందేహాలు: ఊడిరాని పెడళ్ళు

ప్రశ్న: సెకండ్ హ్యాండ్‌లో ఒక గేర్ సైకిల్ కొన్నాను. పొద్దున్నే బీచ్ రోడ్డులో బళ్ళు ఆపేస్తారు కదా, ఆ టైములో తొక్కుదామని. ఇంతకు ముందున్నాయన దాన్ని సముద్రం వైపు బాల్కనీలో ఏళ్ళ తరబడి వదిలేశాడట. ప్లాస్టిక్ పెడళ్ళు రెండూ పగిలాయి. కొత్తవి కొన్నాను గానీ పాతవి రావడం లేదు. కుడిది కదలదు. ఎడమది తిప్పేకొద్దీ ఇంకా బిగుస్తున్నట్టుంది. డబ్ల్యూడీ-40 కూడా కొట్టి చూశాను. మా వీధి చివర షాపతను గ్యాస్ కటింగ్ పెట్టి కోసేద్దాం అంటున్నాడు. టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం

జవాబు: గ్యాస్ కటింగ్ మాట మళ్ళీ ఎత్తనివ్వకండి. మీది గేర్ సైకిల్ అంటున్నారు కాబట్టి క్రాంకు (పెడల్‌ని సైకిల్ మధ్య ఇరుసుకి కలిపే చెయ్యి) అల్యూమినియంది అయి ఉండే అవకాశమే ఎక్కువ. అయస్కాంతం పెట్టి చూడండి, అంటుకోకపోతే అల్యూమినియమే. అది 660 డిగ్రీలకే కరిగిపోతుంది. ఇనుములాగా ఎర్రబడి ముందు హెచ్చరించదు కూడా. పెడల్ తీయబోయి క్రాంకు పోగొట్టుకుంటారు.

ముందు ఎడమ పెడల్ సంగతి చూద్దాం. అది నిజంగా బిగిసి కూర్చుందో లేదో ఇప్పుడే చెప్పలేం, ఎందుకంటే మీరు దాన్ని ఊడదీయడం లేదు, బిగిస్తున్నారు. సైకిల్ ఎడమ పెడల్‌కి ఎదురు మర ఉంటుంది. ఇంట్లో సీసా మూతలూ కుళాయిలూ తిప్పే అలవాటుతో తిప్పితే అది లోపలికే పోతుంది. మా కాకినాడ షాపుకి ‘ఊడటం లేదండీ’ అంటూ వచ్చే పెడళ్ళలో ఎడమవే ఎక్కువ. వాటిలో చాలావాటికి జబ్బేమీ ఉండదు, పాపం ఇంటిల్లిపాదీ కలిసి బిగించి తెచ్చినవి.

కుడి, ఎడమ, గడియారం దిక్కు, ఎదురు దిక్కు అని గుర్తుపెట్టుకోవడానికి తంటాలు పడకండి. పానా నోరు పెడల్ ఇరుసుకి తగిలించి, పిడిని పైకి నిలబెట్టండి. దాన్ని వెనక చక్రం వైపు లాగితే ఊడుతుంది, ముందు చక్రం వైపు తోస్తే బిగుస్తుంది. రెండు పెడళ్ళకీ ఇదే లెక్క. క్రాంకు వెనక నుంచి అలెన్ కీ (ఆరు మూలల కడ్డీ) పెట్టి తిప్పే రకమైనా ఇదే లెక్క.

ఎడమ వైపే ఎదురు మర ఎందుకు పెట్టారని చాలామంది అడుగుతారు. తొక్కేటప్పుడు బేరింగ్ రాపిడి ఇరుసుని బిగిస్తుంది, అందుకే ఊడిపోకుండా ఉంటుంది అని కొందరు మెకానిక్కులు కూడా చెబుతారు. అది తప్పు. బేరింగ్ రాపిడి నిజానికి ఊడదీసే దిక్కులోనే లాగుతుంది, కాకపోతే ఆ లాగడం చాలా తక్కువ. అసలు పని వేరే జరుగుతుంది. ఒక పెన్సిల్‌ని పిడికిట్లో వదులుగా పట్టుకుని, బయట ఉన్న కొసని రెండో చేత్తో చిన్న సున్నా చుట్టినట్టు తిప్పండి. మీరు సున్నా చుట్టే దిక్కుకి ఎదురు దిక్కులో పెన్సిల్ తన చుట్టూ తాను మెల్లగా తిరుగుతుంది. మన కాలి బరువు కూడా పెడల్ ఇరుసు మీద అలాగే చుట్టూ తిరుగుతూ పడుతుంది. మరలో ఉన్న ఇసుమంత ఖాళీలో ఇరుసు దొర్లుతూ పోతుంది. కుడి వైపు మామూలు మర, ఎడమ వైపు ఎదురు మర ఉంటే ఆ దొర్లడం బిగించే వైపుకే పోతుంది. విమానం ఎగరేసిన రైట్ సోదరులకి అమెరికాలోని డేటన్‌లో సైకిల్ షాపు ఉండేది. ఎడమ పెడల్‌కి ఎదురు మర పెట్టే పద్ధతి 1900 ప్రాంతంలో వాళ్ళే తెచ్చారని చెబుతారు.

ఇక కుడి పెడల్. ఇది నిజంగానే పట్టేసినట్టుంది. ఇరుసు ఉక్కుది, క్రాంకు అల్యూమినియంది, మధ్యలో ఉప్పు గాలి తడి. రెండు వేరు వేరు లోహాలు ఉప్పు తడిలో కలిసి ఉంటే అల్యూమినియం తినేసుకుపోతుంది. మరల మధ్య తెల్లటి పొడి పేరుకుంటుంది. పోయిన లోహం కన్నా ఆ పొడికి ఎక్కువ చోటు కావాలి, అందుకే అది లోపలే ఉబ్బి గట్టిగా పట్టేస్తుంది. విశాఖలోనైనా మా కాకినాడలోనైనా ఇదే గోల. మా దగ్గరికొచ్చే సైకిళ్ళలో చేపలమ్మే వాళ్ళవి మరీ దారుణం. గాలికి తోడు బుట్టలోంచి ఉప్పునీళ్ళు కారుతూనే ఉంటాయి మరి.

డబ్ల్యూడీ-40 కొట్టి వెంటనే పానా పట్టుకుని ఉంటారు. అది ముఖ్యంగా తడిని తరిమేయడానికి 1953లో చేసిన సరుకు. పట్టేసిన మరల్లోకి దూరడానికి ప్రత్యేకంగా చేసే పెనెట్రేటింగ్ ఆయిల్ వేరే ఉంటుంది, హార్డ్‌వేర్ షాపులో అడగండి. దొరక్కపోతే ఉన్న డబ్ల్యూడీ-40తోనే కానివ్వచ్చు, నూనె కన్నా దానికిచ్చే సమయమే ముఖ్యం. సైకిల్‌ని ఎడమ పక్కకి పడుకోబెట్టండి, కుడి పెడల్ పైకి వస్తుంది. ఇరుసు క్రాంకులోకి దూరే చోట నాలుగు చుక్కలు వేయండి. చిన్న సుత్తితో ఇరుసు పలకల (పానా పట్టే చదును చోట్ల) మీద తేలిగ్గా టకటకా కొట్టండి. బలంగా అక్కర్లేదు, మరల మధ్య అదురు పుడితే చాలు, నూనె దారి చేసుకుంటుంది. ఒక రాత్రి అలాగే వదిలేయండి. మర్నాడు సైకిల్‌ని రెండో పక్కకి తిప్పి, క్రాంకు వెనకాల కనిపించే ఇరుసు కొస దగ్గర కూడా అలాగే చేయండి. ఈ వెనక వైపు సంగతి చాలామందికి తట్టదు. నూనె ఎక్కువగా దిగేది అక్కడినుంచే.

పానా విషయంలో పీనాసితనం వద్దు. ఎక్కువ పెడళ్ళకి 15 నంబర్ పానా పడుతుంది. మామూలు పానా మందంగా ఉండి పెడల్‌కీ క్రాంకుకీ మధ్య సందులో సరిగ్గా కూర్చోదు. సగం పట్టుతో తిప్పితే ఇరుసు పలకలు గుండ్రంగా అరిగిపోతాయి, ఆ తర్వాత ఏ పానా పట్టదు. నోరు పలచగా, పిడి పొడుగ్గా ఉండే పెడల్ పానాలు విడిగా అమ్ముతారు. సైజు మార్చుకునే పానాతో మాత్రం ఈ పని మొదలుపెట్టకండి. మీ పెడల్‌కి పలకలు లేకుండా వెనకాల ఆరు మూలల గుంట ఉంటే 6 లేదా 8 నంబర్ అలెన్ కీ కావాలి. గుంటలో మట్టి పూర్తిగా గీకి తీశాకే కీ పెట్టండి.

తిప్పే పద్ధతి జాగ్రత్తగా చదవండి, సగం బలం ఇక్కడే వృథా అవుతుంది. సైకిల్ నేల మీద నిలబడి ఉండాలి, తలకిందులు చేయకండి. గేర్ మార్చి చైన్‌ని ముందున్న పెద్ద పళ్ళ చక్రం మీదకి ఎక్కించండి. పానా జారితే చెయ్యి వెళ్ళి తగిలేది ఆ పళ్ళకే. ఏ పెడల్ తీస్తున్నారో ఆ వైపు క్రాంకుని ముందు చక్రం వైపు, నేలకి అడ్డంగా పెట్టండి. పానా పిడి వెనక్కి తిరిగి, దాదాపు క్రాంకు మీదుగానే, కాస్త ఎత్తులో ఉండేలా తగిలించండి. ఇప్పుడు పిడి కొసని కిందికి నొక్కండి. పానా పొడవు క్రాంకు పొడవంతే ఉంటే మీ బలం సరిగ్గా మధ్య ఇరుసు మీద పడుతుంది, క్రాంకు అటూ ఇటూ తిరగదు. బలమంతా మర మీదకే పోతుంది. వేరే ఎలా పెట్టినా క్రాంకు వెనక్కి గిర్రున తిరుగుతుంది, మీరు దాన్ని ఆపడానికే అలిసిపోతారు.

చాలకపోతే పిడికి ఇనుప పైపు తొడగండి. అడుగు పొడవు చాలు. మీరు 60 కిలోల మనిషైతే అడుగు దూరంలో మీ బరువంతా వేస్తే దాదాపు 180 న్యూటన్ మీటర్ల తిప్పే బలం వస్తుంది. పెడల్ బిగించడానికి కంపెనీలు చెప్పేది 35, 40 మాత్రమే. పైపు తొడిగాక కొస మధ్య ఇరుసు దాటి వెనక్కి పోతుంది కాబట్టి క్రాంకు పైకి లేవబోతుంది. ఇంట్లో ఎవరినైనా పిలిచి, అదే క్రాంకు చివర్ని కాలితో కిందికి తొక్కి పట్టుకోమనండి. ఎగిరెగిరి తన్నకండి, మెల్లగా బరువు పెంచుతూ పోండి. ‘టక్’ అని శబ్దం వస్తుంది. గుండె ఆగినంత పనవుతుంది గానీ ఏదీ విరగలేదు, మర వదిలింది.

అప్పటికీ రాకపోతే వేడి. నూనె మొత్తం తుడిచేశాకే, ఆ నూనెలు అంటుకుంటాయి. మంట అసలు వద్దు. క్రాంకు చివరకి పాత బట్ట చుట్టి దాని మీద సలసల కాగే నీళ్ళు కొద్దికొద్దిగా పోయండి. చేతికి మందపాటి తొడుగు ఉండాలి. అల్యూమినియం ఉక్కు కన్నా దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. మీ క్రాంకు రంధ్రం సుమారు 14 మిల్లీమీటర్లు. డెబ్బై డిగ్రీలు వేడెక్కితే అది మిల్లీమీటరులో యాభయ్యో వంతు పెరుగుతుంది. ఏమంత పెద్ద విషయం అనిపించవచ్చు గానీ పట్టేసిన పొడి పగలడానికి ఆ మాత్రం కదలిక చాలు. ఇరుసు వేడెక్కకముందే పానా వేయండి.

ఇక ఆఖరిది, పలకలు అరిగిపోయినా పనిచేసేది. మంచి షాపులో క్రాంకు పుల్లర్ ఉంటుంది. దానితో క్రాంకుని సైకిల్ నుంచి తీయించండి. ఎలాగూ పగిలిన పెడలే కదా, ప్లాస్టిక్ పీకేసి ఇరుసు ఒక్కటీ మిగల్చండి. దాన్ని బెంచి వైస్‌లో గట్టిగా బిగించి, క్రాంకునే పిడిలాగా పట్టుకుని తిప్పండి. దిక్కు మళ్ళీ తేలికే: సైకిల్ తొక్కేటప్పుడు ఆ క్రాంకు ఎటు తిరుగుతుందో అటే తిప్పాలి, రెండు వైపులకీ. వైస్‌కి లొంగని పెడల్ నా చేతికి అరుదుగానే వచ్చింది. మీ షాపతని దగ్గర వైస్ లేకపోతే ఏ లేత్ షాపులోనైనా ఉంటుంది.

ప్రశ్న: ఓఆర్‌ఆర్ పక్కన సోలార్ కప్పు వేసిన సైకిల్ ట్రాక్ వచ్చాక నేనూ ఒక సైకిల్ ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా. పెడళ్ళు, హ్యాండిల్ నేనే బిగించా. ఎడమ పెడల్ మొదట్లోనే కాస్త వంకరగా ఎక్కింది, పానాతో లాగించేశా. ఇప్పుడు ప్రతి రైడ్‌లో వదులైపోతోంది. నిన్న పూర్తిగా ఊడొచ్చింది. లాక్‌టైట్ (మరలు వదలకుండా వేసే జిగురు) వేస్తే ఆగుతుందా?
– ఒక పాఠకుడు, నార్సింగి, హైదరాబాద్

జవాబు: ఆగదండీ. వంకరగా ఎక్కిన పెడల్ క్రాంకులో మరని కోసేసింది. ఉక్కు ఇరుసు, మెత్తటి అల్యూమినియం, ఎవరు గెలుస్తారో తెలిసిందే. జిగురు పట్టుకోవడానికి అక్కడ మర అంటూ ఉండాలి కదా. అలాగే తొక్కితే మిగిలిన కాస్తా కూడా పోతుంది. పైగా లేచి నిలబడి తొక్కేటప్పుడు పెడల్ ఊడితే పళ్ళు రాలతాయి, మీ సైకిల్‌వి కాదు.

రంధ్రంలోకి టార్చి వేసి చూడండి. బయటి వైపు రెండు మూడు మరలు మాత్రమే చెడి, లోపలివి బాగుంటే, 9/16 అంగుళాల ఎడమ మర ట్యాప్‌ని (మర కోసే పనిముట్టు) వెనక వైపు నుంచి నడిపించి సరిచేయవచ్చు. ఎడమ మర ట్యాప్ అన్ని షాపుల్లోనూ ఉండదు, ఫోన్ చేసి కనుక్కుని వెళ్ళండి. మొత్తం పోతే రంధ్రం పెద్దది చేసి లోపల ఉక్కు మర ఉన్న బుష్ (చిన్న గొట్టం ముక్క) వేస్తారు, బాగానే నిలుస్తుంది. కానీ నన్నడిగితే మామూలు సైకిల్‌కి ఎడమ క్రాంకు ఒక్కటీ కొత్తది వేయించుకోవడమే మేలు. పాతదాని పొడవు వెనకాల అచ్చు వేసి ఉంటుంది, 170 లేదా 175 అని. మధ్య ఇరుసు దూరే రంధ్రం కూడా అదే రకంది కావాలి. రెండూ సరిపోయేది తీసుకోండి. వెల్డింగ్ పెట్టి పెడల్‌ని అతికించేస్తామని ఎవరైనా అంటే అక్కడినుంచి వచ్చేయండి.

ప్రశ్న: అంకుల్, నేను ఎనిమిదో తరగతి చదువుతున్నాను. తమ్ముడి చిన్న సైకిల్‌కి పెడల్ విరిగింది. నా పాత సైకిల్ పెడల్ తీసి వేద్దామంటే లోపలికి దూరడం లేదు. పెడల్ మీదుండే ఎల్ (ఎడమ), ఆర్ (కుడి) గుర్తులు కూడా చూసే పెట్టాను. రంధ్రం డ్రిల్లుతో పెద్దది చేస్తానంటున్నారు నాన్న.
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఎల్, ఆర్ చూశావంటే నువ్వు చాలామంది పెద్దవాళ్ళ కన్నా నయం తల్లీ. నీ సైకిల్ పెడల్ ఇరుసు 9/16 అంగుళాలు. తమ్ముడి సైకిల్‌కి రెండు క్రాంకులూ కలిపి ఒకే కడ్డీ వంచి చేసి ఉంటారు, చూడు. ఆ రకానికి అర అంగుళం పెడల్ పడుతుంది. షాపులో ‘అర అంగుళం పిల్లల పెడల్’ అని అడిగితే ఇస్తారు, జత కొనుక్కోండి. నాన్నగారిని డ్రిల్లు లోపల పెట్టేయమను. డ్రిల్లుతో రంధ్రం పెద్దదవుతుంది గానీ మర రాదు.

ప్రశ్న: మా నాయన వాడిన అట్లాస్ సైకిల్ నలభై ఏళ్ళది. ఆయన గుర్తుగా బాగు చేయించి నేను తొక్కుదామనుకుంటున్న. కంపెనీ మూతబడ్డదని విన్న. పెడళ్ళు తుప్పుపట్టి క్రాంకులతో కలిసిపోయినయి, తిరుగుతయి గానీ కరకరమంటయి. మెకానిక్ క్రాంకులతో సహా మార్చాలంటున్నడు. పాత పెడళ్ళే ఉంచాలని నా కోరిక.
– ఒక పాఠకుడు, ఆర్మూరు, నిజామాబాద్ జిల్లా

జవాబు: పెద్దాయన సైకిల్ అన్నారు కాబట్టి మీకు నచ్చే మాటే చెబుతాను: ఆ పెడళ్ళని క్రాంకుల నుంచి తీయనే వద్దు. తిరుగుతున్నాయి కదా. కరకర బేరింగులది, మరది కాదు. పెడల్ బయటి కొసన చిన్న మూత ఉంటుంది, అది తీస్తే లోపల నట్టు, వాచరు, కోను కనిపిస్తాయి. కింద పళ్ళెం పెట్టుకుని విప్పండి, బాల్స్ దొర్లిపోతాయి. పాత గ్రీజు కిరసనాయిలుతో కడిగి, కొత్త బాల్స్, కొత్త గ్రీజు వేసి, కోనుని అటూ ఇటూ ఆడకుండా, అలాగని పట్టేయకుండా సరిచేసి బిగిస్తే మళ్ళీ మెత్తగా తిరుగుతాయి. బాల్స్ కొనేటప్పుడు పాతది ఒకటి జేబులో వేసుకెళ్ళండి. రబ్బరు దిమ్మలు అరిగితే వాటి వరకు మార్చుకోవచ్చు, రెండు బోల్టులు విప్పితే వస్తాయి.

కంపెనీ విషయం నిజమే. అట్లాస్ సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న ఆగిపోయింది, అది ప్రపంచ సైకిల్ దినోత్సవం రోజు కావడం మరో విడ్డూరం. దానికి మీరు దిగులుపడక్కర్లేదు. నల్ల సైకిళ్ళ సామాను దాదాపు అన్ని కంపెనీలదీ ఒకే కొలతలతో ఉంటుంది, మీ ఆర్మూరులోనే దొరుకుతుంది.

క్రాంకులు తీయక తప్పకపోతే ఒక్క జాగ్రత్త చెప్పండి మీ మెకానిక్‌కి. వీటికి క్రాంకుని మధ్య ఇరుసుకి పట్టి ఉంచే కాటర్ పిన్ను ఉంటుంది. నట్టు పిన్ను కొసతో సమానంగా వచ్చేవరకు వదులు చేసి, క్రాంకు కింద దళసరి ఇనుప పైపు ముక్కని నేల మీద ఆనించి నిలబెట్టి, అప్పుడు సుత్తితో ఒక్క దెబ్బ సూటిగా వేయాలి. కింద ఆధారం లేకుండా డమడమా కొడితే పిన్ను వంగుతుంది, ఆ దెబ్బలన్నీ మధ్య ఇరుసు బాల్స్ మీద పడి, అవి కూర్చునే కప్పులకి గుంటలు పడతాయి. వంగిన పిన్నుని మళ్ళీ వాడనివ్వకండి. పిన్నులు రెండు మూడు సైజుల్లో వస్తాయి, దీనికీ పాతది చూపించే కొనాలి.

ప్రశ్న: పెడల్ మరకి గ్రీజు రాసి బిగిస్తే జారి ఊడిపోదా? మా షాపులో ఎప్పుడూ ఉత్తిగానే బిగిస్తారు.
– ఒక పాఠకురాలు, భీమవరం

జవాబు: ఊడదమ్మా. పైన పెన్సిల్‌తో చెప్పినట్టు తొక్కేకొద్దీ పెడల్ బిగిసే వైపుకే పోతుంది. గ్రీజు చేసేదల్లా తడిని లోపలికి రానివ్వకపోవడం. ఉత్తిగా బిగించిన పెడల్ మీ ఊళ్ళో చెరువుల గాలికి రెండు వానాకాలాలు గడిస్తే ఎలా పట్టేస్తుందో మొదటి ఉత్తరం రాసినాయనని అడగండి. పాత మరని బ్రష్షుతో తోమి, బేరింగులకి వాడే గ్రీజే పలచగా చుట్టూ రాయండి. మొదటి మూడు నాలుగు చుట్లూ వేళ్ళతోనే తిప్పాలి. వేళ్ళకి ఎక్కకపోతే వెనక్కి తీసి మళ్ళీ సూటిగా పెట్టండి, పానా అందుకోవద్దు. వేళ్ళతో పూర్తిగా లోపలికి పోయాక, జానెడు పానా కొస మీద ఇరవై కిలోల బరువు వేసినంత బలంతో ఒక్కసారి బిగిస్తే చాలు. ఏడాదికోసారి, వానలు తగ్గాక, తీసి మళ్ళీ గ్రీజు రాయించండి. మీ షాపులో ఉత్తిగా బిగించబోతే డబ్బా మీరే చేతికివ్వండి.